తెల్లవారితే శుక్రవారం

నేను ఒక పుల్లఫోన్ని. బొత్తాలు నొక్కే రకాన్నీ కాదు, వేలితో తోస్తే జారిపోయే ఇప్పటి రకాన్నీ కాదు. నా వీపులో ఒక సన్నటి ప్లాస్టిక్ పుల్ల దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగి నా అద్దం మీద గీకితే గానీ నేను పలకను. కంపెనీవాళ్లు నాకు పెట్టిన పేరు వేరే ఉంది, చాలా గొప్ప పేరు. కానీ పొన్నూరులో అందరూ పుల్లఫోను అనే అన్నారు. మొదట్లో ఒళ్లు మండేది. తరువాత అలవాటైపోయింది.

పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, తెల్లటి తొడుగులు వేసుకున్న వేళ్ల మధ్య. ఆ వేళ్లు ఎవరివో చూసే లోపలే పెట్టెలో పెట్టి మూత వేశారు. మళ్లీ మూత తీసేసరికి గుంటూరు. కొన్నది డాక్టర్ పాండురంగారావుగారు. నాతో ఆయనకు ఏం పనో ఆయనకే తెలియదు. తోటి డాక్టరు దగ్గర ఉంది కాబట్టి తనకూ ఒకటి ఉండాలనుకున్నారు. మనుషులు సగం వస్తువులు ఇలాగే కొంటారు, నేను తప్పు పట్టను.

ఆయన కూతురి పెళ్లిలో పొన్నూరు చెంచయ్య మేళం. అప్పగింతల వేళ చెంచయ్య సన్నాయి అందుకునేసరికి డాక్టరుగారు చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. శాలువా కప్పారు. అదీ చాలదనిపించి జేబు తడుముకున్నారు. చేతికి నేను తగిలాను, తీసి చెంచయ్య చేతిలో పెట్టారు. డాక్టరుగారు మర్నాడే కొత్త ఫోను కొనుక్కున్నారని ఆ తరువాత తెలిసింది. ఏడుపూ నిజమే, ఫోను పాతబడిన మాటా నిజమే.

చెంచయ్య నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేందమ్మా, దీనికి పుల్ల ఉంది!" అని కూతురికి ఇచ్చేశాడు. కోటేశ్వరి ఆయనకు ఒక్కతే కూతురు. కొడుకులు లేరని సన్నాయి ఆమెకే నేర్పాడు. పెళ్లయ్యాక కూడా అల్లుడు శివనాగులు ఇదే ఊళ్లో డీటీపీ షాపు పెట్టుకుని పెళ్లికార్డులు వేస్తుంటాడు కాబట్టి ఆమె తండ్రి పక్క వదల్లేదు. ఆయన సన్నాయి పడితే ఆమె శ్రుతి పట్టేది, ఆయన ఊపిరి తీసుకునే చోట ఆమె అందుకునేది.

అప్పటిదాకా ఒప్పుకున్న పెళ్లిళ్లన్నీ చెంచయ్య బుర్రలోనే ఉండేవి. ఏ ఊరు, ఏ తిథి, ఏ ముహూర్తం, ఒక్కటీ పొల్లు పోయేది కాదు. నేను వచ్చాక అవన్నీ నాలోకి దిగాయి. సాయంత్రం పూట ఆయన మంచం మీద కూర్చుని చెబుతుంటే కోటేశ్వరి పుల్లతో గీకేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా కథంతా దీని మీదే నడిచింది. పంచాంగం లెక్కలో రోజంటే సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయం దాకా. గురువారం రాత్రి రెండు నలభైకి ముహూర్తమైతే అది గురువారపు ముహూర్తమే. కార్డు మీద కూడా 'గురువారం రాత్రి 2.40, తెల్లవారితే శుక్రవారం' అని వేస్తారు. నా లెక్క అలా కాదు. పన్నెండు దాటగానే నాకు రోజు మారిపోతుంది. నా దృష్టిలో ఆ రెండు నలభై శుక్రవారానిది.

కోటేశ్వరి తండ్రి చెప్పినట్టే గురువారం గడిలో రెండు నలభై అని రాసేది. నాకు తెలిసిన గురువారం రెండు నలభై అంతకు ముందు రాత్రే వచ్చేస్తుంది. దాంతో అసలు ముహూర్తానికి ఒక రోజు ముందే గంట కొట్టేవాణ్ణి. మొదటిసారి ఇల్లంతా ఉలిక్కిపడి లేచింది. ఏం జరిగిందో తేల్చుకున్నాక చెంచయ్య పడీపడీ నవ్వాడు.

"మంచిదేలేమ్మా. మార్చబాక. ఒక రోజు ముందే లేపుద్ది. ఒప్పుకున్నోళ్లకి ఆ మాత్రం భయం ఉండొద్దూ?"

ఇక అదే పద్ధతి అయిపోయింది. నేను తెల్లవారుజామున మోగితే, ఆ వచ్చే రాత్రే పెళ్లి. పొద్దున్నే డోలు వీరాంజనేయులుకి కబురు వెళ్లేది, సాయంత్రానికి అందరూ బయల్దేరేవాళ్లు. ఒప్పు చెప్పడానికి పుట్టిన యంత్రాన్ని, తప్పు చెబుతూ ఆ ఇంట్లో ఎంత గౌరవంగా బతికానో!

గంట అంటే ఉత్త గంట కాదు. బాపట్లలో ఒక పెళ్లిలో తాళి కట్టే వేళకు చెంచయ్య సన్నాయి దించేసి, "నువ్వు పట్టమ్మా" అన్నాడు. కోటేశ్వరి మొదటిసారి ఒంటరిగా గట్టిమేళం వాయించింది. శివనాగులు నన్ను చేత్తో ఎత్తిపట్టి ఆ మేళం రికార్డు చేశాడు. నా పక్కనే పెళ్లికూతురి స్నేహితురాలి చేతిలో ఇంకో చిన్న సెల్లు కూడా గాల్లోకి లేచింది. ఆ మేళాన్నే నాకు గంటగా పెట్టారు. అది మోగినప్పుడల్లా చెంచయ్య కళ్లు మూసుకుని తల ఊపేవాడు.

తరువాత ఆయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంత తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, పెదవి మాత్రం ఒక పక్కకు ఉండిపోయింది. సన్నాయి పట్టేవాడికి పెదవి లేకపోతే ఇంకేముంది? పైగా మతిమరుపు. పక్కింటాయన పేరు తట్టదు, అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండదు. "నా బుర్ర ఇప్పుడు ఏం బుర్రలే" అని ఆయనే అనడం మొదలుపెట్టాడు.

మేళం కోటేశ్వరి నెత్తిన పడింది. అప్పుడు చూడాలి మనుషుల్ని! తండ్రి పక్కన కూర్చుని వాయిస్తే ఎంత మెచ్చుకున్నారో, ముందు కూర్చుంటానంటే అంత నసిగారు. గృహప్రవేశాలకు పిలిచారు, ఓణీల ఫంక్షన్లకు పిలిచారు. పెళ్లి అనేసరికి, "ఆడమనిషి, రాత్రిపూట, ఏమోనమ్మా" అని జారుకున్నారు. డోలు వీరాంజనేయులు మంచివాడే, కానీ అతనికీ ఇల్లు గడవాలి. "అక్కా, ఈ మూఢం వచ్చేలోపల ఒక్క పెద్ద పెళ్లి పడకపోతే నేను తెనాలి వాళ్ల మేళంలో చేరిపోతా. ఏమనుకోబాక" అని తేల్చి చెప్పేశాడు. డోలు పోతే మేళం లేదు.

అలాంటి సమయంలో నందిగామ నుంచి తాతారావుగారు తాంబూలం తెచ్చారు. ఆయన కూతురు ప్రత్యూష చదువుకున్నది బాపట్లలో. అక్కడ స్నేహితురాలి పెళ్లిలో కోటేశ్వరి వాయించగా విన్నదట, తన పెళ్లికి ఆవిడ మేళమే కావాలని పట్టుబట్టిందట. మూఢానికి ముందు ఆఖరి ముహూర్తం, గురువారం రాత్రి రెండు నలభై. ఆయన వెళ్లాక కోటేశ్వరి నన్ను తీసి గురువారం గడిలో రాసుకుంది.

ఇక శివనాగులు సంగతి. చెడ్డవాడు కాదు, ముందే చెబుతున్నాను. భార్య సన్నాయి అంటే ప్రాణం. నాలో ఉన్నవన్నీ ఎక్కడ పోతాయోనని షాపులో పాత కంప్యూటరుకు నన్ను తగిలించి, వారానికోసారి రెంటినీ సరిచూసేవాడు. తీగ ఒక చివర అది, ఇంకో చివర నేను, మధ్యలో మా ఇద్దరికీ తెలిసిన భాష. ఆ ముసలిదానికీ నాకూ ఏనాడూ మాట తేడా రాలేదు.

నందిగామ పెళ్లికి ముందురోజు, బుధవారం పొద్దున, ఆ పాతదాన్ని బయట పెట్టేసి, దాని చోట కొత్త కంప్యూటరు దించాడు. లోపల అంతా కొత్త సిస్టం. తెర మీద నీలాకాశం, మెరిసే కిటికీలు. తీగ గుచ్చగానే టంగుమని శబ్దం చేసి, ఈ వస్తువు ఏమిటో నాకు తెలియదు అంది. ఇన్నేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి, నన్నే నువ్వెవరని అడిగింది! శివనాగులు తీగ పీకాడు, మళ్లీ పెట్టాడు, ఊదాడు. పాత ప్రోగ్రాం ఎక్కిస్తే పనికిరాదంది. నెట్లో వెతికి కొత్తది ఎక్కిస్తే, ఆపి మళ్లీ మొదలుపెట్టమంది. మధ్యాహ్నం భోజనానికి కూడా పోలేదు. అతని తల ప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రానికి ఎలాగో కలిశాం. అప్పుడు అది ఒక ప్రశ్న వేసింది. ఇకమీదట ఇద్దరికీ తేడా వస్తే ఎవరి మాట చెల్లాలి, కంప్యూటరుదా, ఫోనుదా? శివనాగులు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కొత్తది, పెద్దది, అంత డబ్బు పోసి కొన్నది. కంప్యూటరుదే అని నొక్కాడు.

నాలోని పెళ్లిళ్లన్నీ ఆ పెద్ద తెర మీద పరుచుకున్నాయి. బల్ల మీద రెండు పెళ్లికార్డుల ప్రూఫులు ఉన్నాయి, ఒకటి కోటేశ్వరి అంతకుముందు ఒప్పుకున్న ఓణీలవాళ్ల బంధువులది, ఇంకొకటి ఆమె గృహప్రవేశానికి వాయించిన ఇంటివాళ్లది. మూఢం వెళ్లాక జరిగే చిన్న పెళ్లిళ్లు, తేదీలు నాలో రాసుకున్నా మేళం మాట ఇంకా ఖాయం కానివి. అతను కార్డు చూశాడు, తెర చూశాడు. కార్డు మీద తెల్లవారితే సోమవారం, తెర మీద ఆదివారం. "అయ్యో, ఒక రోజు తక్కువ రాసిందే!" అనుకున్నాడు. రాయించినది మామగారు, రాసినది భార్య, ఇంట్లో మంచం దగ్గర. గంట అతనూ వినేవాడే, కానీ ఆ తప్పు లెక్క మీద ఇల్లు నడుస్తోందని షాపులో కూర్చునేవాడికి ఎవరు చెప్పారు? అర్ధరాత్రి దాటిన ముహూర్తాలన్నిటినీ వరసగా ఒక్కో రోజు తరువాతికి జరిపాడు. అచ్చుతప్పు దిద్దినట్టు దిద్దాడు. అచ్చుతప్పు దిద్దినవాడు ఆ మాట ఎవరికీ చెప్పడు కదా, అతనూ చెప్పలేదు.

తీగలోంచి అవన్నీ నాలోకి వచ్చి పడ్డాయి. నందిగామ పెళ్లి గురువారం గడిలోంచి లేచి శుక్రవారం గడిలో కూర్చుంది. నా జీవితంలో మొదటిసారి నాలో ఉన్న తేదీ సరైన తేదీ. ఏం లాభం! ఆమె దాన్ని ఎలా చదువుతుందో నాకు తెలుసు. నోరుంటే అరిచేవాణ్ణి.

ఆ రాత్రి తెల్లవారుజామున నేను మోగాలి. మోగలేదు.

గురువారం పొద్దున్న కోటేశ్వరి లేచి నన్ను చూసింది. శుక్రవారం, రెండు నలభై, నందిగామ. ఆమెకు శుక్రవారం అంటే శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం. మొహం చిట్లించింది. ఆ నెలంతా వరసగా ఫంక్షన్లు, తండ్రి మందులు, తేదీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. షాపుకి వచ్చింది. శివనాగులు ఒక పెళ్లివారితో కార్డు రంగు గురించి తలపట్టుకుని ఉన్నాడు.

"ఏమండీ, నందిగామ పెళ్లి గురువారం అనుకుంటన్నానే. ఇందులో శుక్రవారం అని ఉంది?"

"శుక్రవారమే" అన్నాడు అతను తల ఎత్తకుండా. "కంప్యూటర్లో కూడా చూశా."

అతను చెప్పింది నిజం. ఆమె అడిగింది న్యాయం. అయినా కొంప మునిగింది.

సాయంత్రం చెంచయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. పెదవి వంకరగా కదిలింది. "ఏమ్మా, ఇంకా బయల్దేరలా? వీరాంజనేయులు ఏడీ?"

"రేపు నాన్నా."

"ఇవ్వాళ కదూ? త్రయోదశి. ఆయన తాంబూలం ఇచ్చేటప్పుడు త్రయోదశి గురువారం అన్నాడే."

కోటేశ్వరి నన్ను ఆయన కళ్ల ముందు పెట్టింది. "శుక్రవారం నాన్నా, చూడు. గంట కూడా మోగలేదుగా."

ముసలాయన నా వంక చూశాడు. ఏళ్ల తరబడి నన్ను నమ్మిన కళ్లు. ఆయనకు తిథి సరిగ్గా గుర్తుంది. అంత జబ్బులో కూడా అదొక్కటి చెక్కు చెదరలేదు. ఆయనతో కాదు, నాతో ఉంది చిక్కు.

"ఫోన్లో అట్టా ఉంటే సరేలేమ్మా" అన్నాడు చివరికి. "నా బుర్ర ఇప్పుడు ఏం బుర్ర." అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ సాయంత్రమే శివనాగులు ఇంకో మాట అన్నాడు. నాలో ఉన్న పాటలు, రికార్డులు కూడా కొత్తదాంట్లోకి ఎక్కించాలి, అవి పెద్దవి, రాత్రంతా పడుతుంది, ఫోను షాపులో వదిలెయ్యమని. "రేపు సాయంత్రం దాకా నీకు పనేం లేదుగా?" అన్నాడు. ఆమె సరేనని ఇచ్చింది. అతను నన్ను తీగకు కట్టేసి, షట్టరు దించి, తాళం వేసి వెళ్లిపోయాడు.

చీకటి పడ్డాక తాతారావుగారి మొదటి ఫోను వచ్చింది. ఆయన దగ్గర ఉన్నది నా నంబరు ఒక్కటే. మోగాను. మళ్లీ చేశారు. మళ్లీ మోగాను. బల్ల మీద గిరగిరా తిరుగుతూ, తీగను లాక్కుంటూ, షట్టరు అవతల ఎవరైనా వినకపోతారా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఒక కుక్క మొరిగింది, అంతే. చివరికి ఆయన చెయ్యడం మానేశారు. అవి మోగినప్పటికన్నా మానేసినప్పుడు నాకు ఎక్కువ భయమేసింది.

రెండు నలభై అయింది. దిద్దిన లెక్క ప్రకారం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సరిగ్గా ముహూర్తానికి గంట కొట్టాను. తాళం వేసిన షాపులో, పెళ్లికార్డుల కట్టల మధ్య, కోటేశ్వరి గట్టిమేళం మారుమోగిపోయింది. కొత్త కంప్యూటరు తన పని తాను చేసుకుంటూ ఉంది.

పొద్దున షట్టరు ఎత్తిన శివనాగులు నా మొహం చూశాడు. వచ్చిన ఫోన్ల వరస చూశాడు. తరువాత బల్ల మీది ప్రూఫు చూశాడు, తెర చూశాడు. "అమ్మో, కోటీ!" అని నన్ను గుప్పిట్లో పట్టుకుని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు.

కోటేశ్వరి ఏడవలేదు, అరవలేదు. "ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. వెళ్లాలి" అంది. సన్నాయి సంచీ భుజాన వేసుకుంది, నన్ను అందులో పడేసింది. కారు మాట్లాడుకుని ఇద్దరూ నందిగామ చేరేసరికి పందిరి విప్పుతున్నారు. గుంజలు నేల మీద పడేసి ఉన్నాయి. అరటి బోదెలు గోడకు చేర్చి ఉన్నాయి. తాతారావుగారు అరుగు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. కోటేశ్వరి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. శివనాగులు తేదీల సంగతి ఏదో చెప్పబోయాడు. ఆయన చెయ్యి ఎత్తి ఆపేశారు.

"ఆడమనిషి మేళం వద్దని మా వాళ్లంతా మొత్తుకున్నారమ్మా. నా కూతురు వినలేదు, నేనూ వినలేదు. రాత్రి అందరూ నా మొహం చూశారు." గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "ఆఖరి ముహూర్తమాయె, చుట్టుపక్కల ఒక్క మేళమూ ఖాళీ లేదు. తాళి టైమయింది. మేళం లేకుండా కట్టనని మా అమ్మాయి కూర్చుంది. చివరికి ఎవరో దాని సెల్లు తీసుకుని మైకు దగ్గర పెట్టారు. బాపట్లలో అది రికార్డు చేసుకున్న మేళమంట. మీదేనమ్మా. పెళ్లి మీ మేళంతోనే అయింది. మీరు రాలేదు, అంతే."



ఆయన లోపలికి వెళ్లి ఒక పళ్లెం తెచ్చారు. చీర, రవికె, తాంబూలం. "ప్రత్యూష వెళ్తూ, ఆవిడ వస్తే ఇవ్వమంది. వస్తుంది నాన్నా, ఏదో అయ్యుంటుంది అంది."

అప్పుడు ఏడ్చింది కోటేశ్వరి. పళ్లెం ముట్టుకోలేదు. సంచీ ముడి విప్పి సన్నాయి బయటికి తీసింది. "ఒక్క పాట వాయించి పోతానండీ. ఒక్కటే."

"పెళ్లయిపోయిన ఇంట్లో ఎవరికోసమమ్మా?" అన్నారాయన. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. సన్నాయి మళ్లీ సంచీలోకి, నా పక్కకి వచ్చింది.

ఇల్లు చేరేసరికి చెంచయ్య గుమ్మం వైపు చూస్తూ ఉన్నాడు. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కోటేశ్వరి మంచం పక్కన కింద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"గురువారమే నాన్నా. నువ్వన్నదే కరెక్టు. నేనే నీ మాట వినలా."

తన బుర్ర చెడలేదని తెలిస్తే సంతోషించాలి కదా ఎవరైనా? ముసలాయన సరిగ్గా లేని ఆ పెదవితోనే మెల్లగా అన్నాడు. "నా బుర్ర చెడిపోయున్నా బాగుండేదమ్మా. ఈ ఒక్కసారికి."

శివనాగులు ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు తేదీలన్నీ వెనక్కి జరపబోతే, "ఇంక దాన్ని ముట్టుకోబాకండి" అంది కోటేశ్వరి. వెనక్కి జరపడానికి ఎక్కువ మిగల్లేదు కూడా. మాట నందిగామ నుంచి మా ఊరికి ఎంతసేపట్లో వచ్చిందో ఏమో, ప్రూఫులు వేయించుకున్నవాళ్లు ఇద్దరూ వేరే మేళం చూసుకున్నారు. వీరాంజనేయులు వచ్చి, గుమ్మంలోంచే తిరిగి వెళ్లి, తెనాలి మేళంలో చేరిపోయాడు. మూఢం వచ్చింది.

నా పని కూడా అయిపోయింది. ఆమె చేతికి వేరే చిన్న సెల్లు వచ్చింది. నన్ను చెంచయ్య మంచం పక్క గూట్లో పెట్టారు, మాత్రల పెట్టెల పక్కన. పుల్ల ఎప్పుడో పోయింది. అప్పుడప్పుడూ శివనాగులే వచ్చి ఎందుకో నాకు చార్జింగు పెట్టి, కాసేపు చూసి, మళ్లీ గూట్లో పెట్టేస్తాడు. షాపులో మాత్రం అతను ఇప్పుడు కార్డు వేయించుకోవడానికి వచ్చిన ప్రతివాణ్ణీ, "గురువారం రాత్రి అంటే ఏ రాత్రండీ? ఇంట్లో ఏమనుకుంటున్నారు?" అని గుచ్చి గుచ్చి అడుగుతాడట. వాళ్లు నవ్వుతారట.

మూఢం వెళ్లాక కోటేశ్వరికి ఒక్క ఫోను వచ్చింది. చిన్న గుడిలో కల్యాణం, డోలు వాళ్లే చూసుకుంటారట. ఆమె ఆ కబురు పట్టుకుని తండ్రి మంచం దగ్గరికి వచ్చింది.

"నాన్నా, దశమి రాత్రంట. ఎప్పుడవుద్ది?"

చెంచయ్య పెదవి కదిలించాడు, వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు, ఆగిపోయాడు. భయంగా గూటి వైపు, నా వైపు చూశాడు. "ఫోన్లో ఏముందో చూడమ్మా."

నాలో అంతా ఉంది. తేదీలు, వారాలు, ఆ బాపట్ల గట్టిమేళం, అన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఆమె నన్ను చేతిలోకి తీసుకుంది, తెర వెలిగించకుండానే మళ్లీ గూట్లో బోర్లా పెట్టేసింది.

"ఫోన్లో ఏం లేదు నాన్నా. నువ్వే చెప్పు" అంది.